కందిగింజంత సెన్సర్‌కు జెండా పాట

ఆదివారం పొద్దున స్టీలు స్కేలు, చిన్న స్క్రూడ్రైవరు ముందేసుకుని చెడిపోయిన నా డిజిటల్ కెమెరాను విప్పాను. ఆన్ చేస్తే లెన్సు సగం బయటికొచ్చి, కిర్రుమని ఆగి, తెర మీద ‘లెన్స్ ఎర్రర్’ అని చూపించి ఆరిపోయే దశలో ఉంది అది. బ్యాటరీ తీసేశాను కదా, ఇంకేముంటుందిలే అని లోపల వేలు పెట్టాను. మోచేతి దాకా ఝల్లుమంది. ఫ్లాష్ పక్కన బీడీ ముక్కంత కెపాసిటర్ ఒకటి ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే మూడు నాలుగు వోల్టులను ఫ్లాష్ సర్క్యూట్ మూడొందల వోల్టుల దాకా పెంచితే, దాన్ని దాచుకోవడం ఈ కెపాసిటర్ పని. బ్యాటరీ తీసినా అది వదలదు. రెండు తిట్లు తిట్టి, చేయి విదిలించుకుని, మళ్లీ కూర్చున్నాను. మీరు మాత్రం ఈ పనికి పూనుకోకండి.

బాగుచేద్దామని విప్పలేదు. కొలుద్దామని విప్పాను. లెన్సు వెనకాల, సన్నటి రాగి రంగు పట్టీ చివర, అద్దం బిళ్ల కింద మిలమిలలాడే చిన్న పలక ఉంది. అదే సెన్సర్. కెమెరాకు కన్ను లెన్సు అంటారు గానీ, చూసేది ఇదే. స్కేలు పెట్టాను. అడ్డం ఆరు మిల్లీమీటర్లు దాటింది. నిలువు నాలుగున్నర. మూల నుంచి మూలకు ఏడున్నర పైచిలుకు. వంటింట్లోంచి ఒక కందిగింజ తెచ్చి పక్కన పెట్టాను. పెద్ద తేడా ఏమీ లేదు.

ఇప్పుడు పెట్టె చూడండి. పద్నాలుగేళ్లుగా అటక మీద ఉన్న ఆ పెట్టె మీద, వెనకవైపు, చీమతలంత అక్షరాల్లో ‘1/2.3 అంగుళాల సెన్సర్’ అని ఉంది. ఎనిమిదో తరగతి లెక్క ఇది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 2.3తో భాగిస్తే 11. మూల నుంచి మూలకు పదకొండు మిల్లీమీటర్లు ఉండాలి. నా స్కేలు మీద ఉన్నది ఏడున్నర చిల్లర. వైశాల్యం లెక్కకు వస్తే ఇంకా ఘోరం. పదకొండు మిల్లీమీటర్ల మాట నిజమైతే 58 చదరపు మిల్లీమీటర్లు రావాలి, ఉన్నది 28. సగానికి మించి తరుగు!

మా ఖమ్మం జిల్లాలో తరుగు అనే మాట ఎంత మంట పుట్టిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. కొనుగోలు కేంద్రంలో క్వింటాకు కిలో రెండు కిలోలు ఎక్కువ తీస్తే రైతులు రోడ్డు మీద వడ్లు పోసి కూర్చుంటారు. తాలు ఉందనో తేమ ఉందనో వంక పెట్టి కోత పెడితే మిర్చి యార్డు గేట్లు మూతపడతాయి. కాటా కింద ఒక చిన్న రాయి దొరికితే చాలు, ఆ కాటా వాడు ఊరు దాటిపోవాల్సిందే. అలాంటి మనమే, సగానికి మించిన తరుగుతో అమ్మిన సరుకును పెట్టెతో సహా భద్రంగా ఇంటికి తెచ్చుకుని, పసుపు కుంకుమ పెట్టి, దేవుడి ముందు ఫోటో తీసుకున్నాం. కెమెరా కొన్న ప్రతి ఇంటికీ జరిగిందిది. నాకూ జరిగింది.

ఈ కొలత ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. 1950ల్లో టీవీ కెమెరాల్లో విడికాన్ అనే గాజు గొట్టాలు వాడేవారు. గొట్టం బయటి మందం అంగుళం ఉంటే దాన్ని అంగుళం గొట్టం అనేవారు. లోపల బొమ్మ పడే చోటు మూలకు మూల 16 మిల్లీమీటర్లే. గొట్టాలు పోయాయి. గాజు పోయింది. ఆ టీవీ కెమెరాలు మ్యూజియాలకు పోయాయి. ఆ కొలత మాత్రం సెన్సర్ల పేరులోకి ఎక్కి కూర్చుంది. కుండ బయటి వెడల్పు చెప్పి లోపలి నెయ్యికి డబ్బు గుంజుకునే వ్యవహారం. ‘ఒక అంగుళం సెన్సర్’ అని గొప్పగా అమ్మే ఖరీదైన బుల్లి కెమెరాల్లోనూ అంతే. దాని అసలు కొలత 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. లోపల ఏ దిక్కు కొలిచినా అంగుళం కనపడదు. పరిశ్రమలో అందరికీ తెలిసిన సంప్రదాయం కదా అని సమాధానం చెబుతారు. పరిశ్రమలో అందరికీ తెలుసు, సరే. కొన్నవాడికి తెలుసా?

టీవీ పెట్టె దగ్గరికి రండి. మన దేశంలో ఏ టీవీ పెట్టె చూసినా 80 సెంటీమీటర్లు, పక్కన 32 అంగుళాలు అని ఉంటుంది. కొలతలు మెట్రిక్ పద్ధతిలో ఉండాలన్న నియమం ఆ పని చేయించింది. తూనికలు కొలతల చట్టం 2009లో వచ్చింది, ప్యాకెట్ సరుకుల నిబంధనలు 2011లో వచ్చాయి. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు కూడా గ్రాములు ముద్రించకుండా కొట్టు గడప దాటకూడదు. పది వేల కెమెరా మాత్రం, దాని మొత్తం పనితనం ఆధారపడిన ఒకే ఒక్క కొలతను, లేని గొట్టం పేరు మీద భిన్నంలో చెప్పి తప్పించుకుంటుంది. భిన్నం కూడా ఎంత తెలివైనదో! 1/2.3 పెద్దదా 1/1.7 పెద్దదా అని కొట్టు ముందు నిలబడి ఎంతమంది చెప్పగలరు? రెండో దాని వైశాల్యం దాదాపు ఒకటిన్నర రెట్లు. అది తెలియకూడదనే భిన్నం.

మరి పెట్టె ముందువైపు, అరచేయంత అక్షరాల్లో ఏముంటుంది? మెగాపిక్సెళ్లు. ఖమ్మం మార్కెట్‌కు మిర్చి తెచ్చిన ప్రతి రైతుకూ జెండా పాట అంటే తెలుసు. పొద్దున్నే ఒక మేలు రకం కుప్పకు పాట పెట్టి పెద్ద ధర పలికిస్తారు. ఆ ధర పేపర్లో వస్తుంది. తర్వాత మన బస్తా దగ్గరికి వచ్చేసరికి ఆ ధర ఎక్కడిదో, ఇచ్చేది ఎంతో. మెగాపిక్సెల్ అచ్చం జెండా పాటే. పన్నెండు, పద్నాలుగు, పదహారు, ఇరవై అని ఏటేటా పెంచుకుంటూ పోయారు. సెన్సర్ మాత్రం అదే కందిగింజ.

వాకిట్లో వాన పడుతుంటే గిన్నెలు పెట్టారనుకోండి. అదే వాకిట్లో ఎనిమిది పెద్ద గిన్నెలు పెట్టొచ్చు, ఇరవై టీ గ్లాసులు పెట్టొచ్చు. కుండపోత వానైతే దేంట్లోనైనా నీళ్లు నిండుతాయి, తేడా తెలియదు. తుంపర పడేటప్పుడు టీ గ్లాసులో నాలుగు చుక్కలు పడతాయి. ఆ నాలుగు చుక్కల్లో ఏది వాన చుక్కో ఏది చూరు చెమ్మో తేల్చుకోలేక కెమెరా తికమకపడుతుంది. ఆ తికమకే ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే రంగురంగుల చుక్కలు. 28 చదరపు మిల్లీమీటర్లలో రెండు కోట్ల పిక్సెళ్లు కుక్కితే ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. ఆ సైజుకు వచ్చాక లెన్సు వేసే బొమ్మ చుక్క పిక్సెల్ కంటే పెద్దదవుతుంది. అంటే ఒక చుక్క వివరాన్ని నాలుగు పిక్సెళ్లు పంచుకుని, నాలుగూ అదే మాట చెబుతాయి. ఫైలు లావెక్కుతుంది, మెమరీ కార్డు నిండుతుంది, ఫోటోలో కొత్తగా ఒక్క వెంట్రుక కూడా కనిపించదు.

ఇంతకీ మనకు ఎన్ని కావాలి? స్టూడియోలో కడిగించే నాలుగు బై ఆరు ఫోటోకు, అంగుళానికి మూడొందల చుక్కల లెక్కన, రెండు మెగాపిక్సెళ్లు చాలు. కాస్త దూరం నుంచి చూసే పన్నెండు బై పద్దెనిమిది పెద్ద ఫోటోకు, అంగుళానికి రెండొందల చుక్కల లెక్కన, ఎనిమిది తొమ్మిదితో పని జరిగిపోతుంది. మిగతాదంతా పెట్టె మీది జెండా.

2011లో, ఖమ్మంలో ఒక షాపులో, ఆరు వేల చిల్లర పెట్టి నేనా కెమెరా కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. చెబితే మిగతావి పతివ్రతలని అర్థం వస్తుంది. కొన్న నెల్లోనే మా మేనకోడలి పెళ్లి. రాత్రి ముహూర్తం, మా ఊరు కుసుమంచిలోనే. పెళ్లి ఫోటోగ్రాఫర్ ఒకాయన ఉన్నాడు, అయినా మేనమామకు ముచ్చట ఉండదా? తలంబ్రాలు గాలిలో ఉండగా నొక్కాను. కెమెరా ఆలోచించింది. ఫోకస్ వెతుక్కుంది, ముందు ఎర్ర లైటు వెలిగించింది, తీరిగ్గా క్లిక్కుమంది. అప్పటికి తలంబ్రాలన్నీ ఇద్దరి ఒళ్లోకి రాలిపోయాయి, పెళ్లికొడుకు జుట్టు దులుపుకుంటున్నాడు. మూడుముళ్ల ఫోటోలో ముళ్లు వేసే చేతులు రెండు తెల్లటి గీతలు. కంప్యూటర్లో వేసి చూపిస్తే మా అక్క చాలాసేపు చూసి అడిగింది: “ఏందిరా తమ్ముడూ ఇది, పిల్ల మొఖానికి పసుపు రాసిన్రా, ఇసుక చల్లిన్రా?”

మర్నాడు స్టూడియోకు పోయి ఫోటోగ్రాఫర్‌కు చూపించాను. ఆయన తిట్టలేదు, నవ్వలేదు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “ఎండలైతే మంచిగ వస్తది సారూ. చీకట్ల దీన్ని బయటికి తియ్యకండి” అన్నాడు. నాలుగు పేజీల ప్రకటనలు, షాపువాడి అరగంట ఉపన్యాసం చెప్పని నిజాన్ని ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. ఆ రెండు ముక్కలు పెట్టె మీద ముద్రిస్తే నాకు ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆయన చెప్పిన మొదటి ముక్కనూ తేలిగ్గా తీసుకోకూడదు. ఎండలో ఆ కెమెరా నిజంగా మంచిదే. నా కోపమంతా అక్కడే ఉంది. పనికిమాలిన వస్తువైతే పారేసి ఊరుకునేవాణ్ని. పనికొచ్చే వస్తువును పనికిరాని మాటలతో అమ్మారు.

మా ఊరి గణపేశ్వరాలయం కాకతీయుల నాటిది. దగ్గర్లోనే ముక్కంటేశ్వరాలయం. ఖమ్మం నుంచి సూర్యాపేట రోడ్డు మీద వెళ్లేవాళ్లలో ఎంతమంది ఆగి చూస్తారో గానీ, సాయంత్రం నాలుగు గంటలప్పుడు వాలుటెండ రాతి గోడ మీద పడితే ఉలి గీతలు ఒక్కొక్కటే లేచి నిలబడతాయి. ఆ వెలుగులో, తక్కువ ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే అంకె) పెట్టుకుని, ఆరువేల కెమెరాతో తీసిన ఫోటో చూసి లక్ష రూపాయల కెమెరా ఉన్న మిత్రుడు రెండు నిమిషాలు ఏమీ అనలేదు. లోపల గర్భగుడి సంగతి వేరు. అక్కడి పెద్ద శివలింగాన్ని ఫ్లాష్ వేసి తీస్తే గోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా, చదునుగా వస్తుంది. నేను నేర్చుకున్న ఉపాయం ఒకటుంది. పూజారి గారిని అడిగి, ఫ్లాష్ ఆర్పేసి, కెమెరాను గడప రాయి మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్ నొక్కి చేయి తీసేయాలి. కెమెరా నాలుగైదు సెకన్లు కన్ను తెరిచి దీపం వెలుగును తాగుతుంది. నల్లరాయి నున్నదనం, విభూతి గీతలు, దీపం చుట్టూ పసుపు ఛాయ అన్నీ వస్తాయి. టీ గ్లాసులో తుంపర నిండాలంటే ఎక్కువసేపు వానలో పెట్టాలి, అంతే కిటుకు. పెళ్లికూతురును నాలుగు సెకన్లు కదలకుండా కూర్చోబెట్టలేం. శివుడు కూర్చుంటాడు.

పాలేరు జలాశయం మా మండలంలోనే. కట్ట మీద నిలబడితే నీళ్లలో ఎండిన మోడు మీద నీటికాకి రెక్కలు రెండూ చాచి ఆరేసుకుంటూ కనపడుతుంది. నా పక్కన నిలబడ్డ కుర్రాడు పాతిక వేల ఫోను తీసి రెండు వేళ్లతో సాగదీశాడు. నల్లటి బొట్టు, చుట్టూ నీళ్లరంగు పూసినట్టు అలికిన అలలు. నేను జూమ్ మీట తిప్పాను. గాజు కటకాలు సర్రున ముందుకు జరిగాయి. ఎనిమిది రెట్లు. పిట్ట ముక్కు కొసన వంకీ కనపడింది, రెక్క అంచున జారబోతున్న నీటి చుక్క కనపడింది. “సారూ, గీ పాత డబ్బాల ఎట్లొచ్చింది?” అని వాడు అడిగాడు. గాజు కదిలితే ఆప్టికల్ జూమ్, అది నిజంగా దగ్గరికి తెస్తుంది. గాజు కదలకుండా బొమ్మను కత్తిరించి సాగదీస్తే డిజిటల్ జూమ్. రొట్టెను ఎంత సాగదీసినా పిండి పెరగదు కదా. బడ్జెట్ కాంపాక్ట్ కెమెరాకు ఉన్న అసలైన బలం ఆ కదిలే గాజే. దాన్ని పెట్టె మీద ఓ మూల పెట్టి మెగాపిక్సెళ్లను నెత్తికెక్కించారు చూడండి, అదీ వీళ్ల తెలివి.

రెండో బలం నాకు షాక్ కొట్టిన ఆ ఫ్లాషే. ఫోన్లలో ఉండేది ఎల్‌ఈడీ దీపం, టార్చిలైటుకు చెల్లెలు. కెమెరాది జెనాన్ గొట్టం. సెకనులో వెయ్యో వంతు, కొన్నిసార్లు ఇంకా తక్కువసేపు, పిడుగు పడినట్టు వెలిగి ఆరిపోతుంది. పది అడుగుల లోపు గంతులేసే పిల్లవాణ్ని గాలిలోనే నిలబెట్టేస్తుంది. ఇరవై అడుగులు దాటితే దాని బతుకు చీకటి. క్రికెట్ స్టేడియంలో పై వరసల్లోంచి ఫ్లాష్ కొట్టేవాళ్లు వెలిగించేది ముందు కుర్చీవాడి బట్టతలనే.

మూడోది ఏ ప్రకటనలోనూ రాదు. నేను పంతులును. కొన్నేళ్ల పాటు ఆ కెమెరాను బడిపిల్లల చేతికి ఇచ్చాను. దాంట్లో ఫోన్ రాదు, ఆట రాదు, వీడియోల వరద రాదు. ఫోటో తప్ప ఇంకేమీ రాదు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల ఒకతె శని ఆదివారాలకు ఇంటికి తీసుకుపోయి మిర్చి కల్లం ఫోటోలు తీసుకొచ్చింది. ఎర్రటి నేల నిండా కాయలు, మధ్యలో తాలు ఏరుతూ వంగిన నానమ్మ వీపు, అంచున ఒక జత చెప్పులు. ఫోకస్ చెప్పుల మీద పడింది. పొరపాటో, ఆ పిల్ల కావాలనే పెట్టిందో నేను అడగలేదు. ఆ ఫోటో నా బల్ల మీద ఇప్పటికీ ఉంది. ఎనభై వేల ఫోనును ఆ పిల్ల చేతికిచ్చి రెండు రోజులు నిద్రపోయే ధైర్యం ఎవరికుంది? చేతి నుంచి జారినా గుండె జారనంత ధర ఉండడం కూడా ఒక గుణమే, అమ్మేవాళ్లకు అది గుణంగా కనపడదు.

సెల్లుల సంగతీ చెప్పాలి. కొన్ని చౌక మోడళ్లు మామూలు పెన్సిల్ సెల్లులతో నడిచేవి. మారుమూల చర్ల, దుమ్ముగూడెం వైపు కిరాణా కొట్టులో కూడా దొరికే సెల్లులు. ఎంత గొప్ప సౌకర్యం! అయితే గోడగడియారానికి వేసే పది రూపాయల సెల్లు వేస్తే పది ఫోటోలకే చేతులెత్తేస్తుంది. ఆల్కలైన్ సెల్లు కావాలి, లేదా మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే రకం. ఆ ముక్క కూడా కొట్టువాడు చెప్పడు. కెమెరా చెడిపోయిందని తిరిగొచ్చాక చెబుతాడు.

ఇక ఫోను. ఫోనే కెమెరాను చంపిందని అందరూ అంటారు. సగం నిజం. ఫోను నిజంగానే చీకట్లో నా కెమెరాను ఓడిస్తుంది. ఒక్క ఫోటోకు బదులు గబగబా పదో పదిహేనో తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఇసుకను వడగట్టేస్తుంది. దాని లెన్సు వెడల్పుగా తెరుచుకుంటుంది. ఇరవై వేల ఫోన్లు చాలావాటిలో సెన్సర్ నా కందిగింజకు సమానం, కొన్నింట్లో అంతకంటే పెద్దది. ముఖాలకు మైనం పూసినట్టు నునుపు చేసి, లేని చంద్రుణ్ని కూడా గీసి ఇచ్చే దాని అతితెలివి మీద నాకు వేరే తగువుంది, అది ఇంకోసారి. ఇక్కడ అడగాల్సింది ఒకటే. ఫోను సెన్సర్ ఏటేటా పెరుగుతుంటే, కెమెరా కంపెనీలు ఏం చేస్తూ కూర్చున్నాయి? అదే 1/2.3 భిన్నాన్ని పదిహేనేళ్లు అమ్మాయి. రంగు మార్చాయి. గులాబీ రంగు, వంగపండు రంగు. నవ్వితే ఫోటో తీసే మీట పెట్టాయి. పెద్ద సెన్సర్ పెడితే పై తరగతి కెమెరా ఎవడు కొంటాడని వాటి భయం.

భయం అని ఊరికే అనడం లేదు. కానన్ పవర్‌షాట్ చౌక కెమెరాల కోసం ఔత్సాహికులు కొందరు సీహెచ్‌డీకే అనే ప్రోగ్రాం రాశారు. మెమరీ కార్డులో వేసుకుంటే చాలు, కెమెరాలో లేదనుకున్న రా ఫైలు (సెన్సర్ చూసింది చూసినట్టే దాచేది), లేదనుకున్న షట్టర్ అదుపు బయటికొచ్చాయి. అంటే యంత్రంలో శక్తి ముందునుంచీ ఉంది. తక్కువ డబ్బిచ్చినవాడికి అది అందకూడదని తాళం వేసి అమ్మారు. ఇంట్లో అన్నం ఉండి కూడా మూత పెట్టినట్టు.

మన ప్రభుత్వమూ తన వంతు చేసింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు డిజిటల్ కెమెరాకు 28 శాతం వేశారు, అన్నిటికంటే పై మెట్టు. మొబైల్ ఫోనుకు 12 శాతం. అంటే ఢిల్లీ లెక్కలో మా బడి కెమెరా విలాసం, ఫోను అవసరం. 2019 జనవరి 1 నుంచి కెమెరాను 18కి దించారు. ఏడాదిన్నర ఆలస్యంగా. అప్పటికి చౌక కెమెరాలు పెట్టే అద్దాల బీరువాల్లో ఫోను కవర్లు వేలాడుతున్నాయి.

జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కలు చూస్తే పతనం ఎంత లోతో తెలుస్తుంది. 2010లో ప్రపంచమంతటికీ పంపిన కాంపాక్ట్ కెమెరాలు పది కోట్ల ఎనభై లక్షల పైన. 2023లో పదిహేడు లక్షల చిల్లర. పడిపోయాక కంపెనీలు ఏం చేశాయి? చౌక వరసను వదిలేసి మేడ ఎక్కాయి. ఇప్పుడు పేరున్న కాంపాక్ట్ అంటే లక్ష, లక్షన్నర. జేబులో పట్టే కెమెరా అంటారు, అంత డబ్బు పట్టే జేబు మాత్రం మనకుండాలి.

ఈ లోపు పట్నాల్లో కొత్త పిచ్చి మొదలైంది. 2005, 2010 నాటి పాత డిజిటల్ కెమెరాలు పిల్లలకు ముద్దొస్తున్నాయి. ఫ్లాష్ తెలుపు, కాస్త మసక, పాత రంగులు. తప్పేం లేదు, వాళ్ల ముచ్చట వాళ్లది. తప్పంతా ఆ ముచ్చటను పట్టుకుని దిగిన సరుకుది. ఆన్‌లైన్లో మూడు నాలుగు వేలకు ‘48 మెగాపిక్సెల్, 4కే, 16 ఎక్స్ జూమ్’ అని పేరూ ఊరూ లేని కెమెరాలు కుప్పలుగా ఉన్నాయి. మా పక్కింటి పిల్లవాడికి వాళ్ల మామ ఒకటి కొనిపెట్టాడు. నా దగ్గరికి తెచ్చాడు. లెన్సు కదలదు. ఫోకస్ లేదు, ఎక్కడ పెట్టారో అక్కడే బిగించేశారు. పదహారు రెట్ల జూమ్ మొత్తం రొట్టె సాగదీతే. ఫ్లాష్ అని పెట్టింది చిన్న దీపం బొట్టు. ఇలాంటివాటిలో సెన్సర్ ఇచ్చే అసలు పిక్సెళ్లు తక్కువ, మిగతావి పక్క పిక్సెళ్లను చూసి ప్రోగ్రాం ఊహించి నింపినవి. లీటరు పాలలో నాలుగు లీటర్ల నీళ్లు పోసి అయిదు లీటర్లు అమ్మితే పాలవాణ్ని ఏం చేస్తాం? ఈ కెమెరాలు అమ్మేవాణ్ని మాత్రం నాలుగు నక్షత్రాలు ఇచ్చి గౌరవిస్తున్నాం.

కాస్త నిజాయితీ ఉన్నవి లేవా అంటే, ఉన్నాయి. వాటిలో ఒకటి కోడక్ పేరు మీద వస్తుంది, ఆ పేరుకో చరిత్ర ఉంది. కోడక్ ఇంజినీర్ స్టీవెన్ సాసన్ 1975లో తయారుచేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరా బరువు మూడున్నర కిలోల పైన. వందకు వంద, మొత్తం పది వేల పిక్సెళ్లు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదకు ఎక్కడానికి 23 సెకన్లు. ఆ కోడక్ 2012లో దివాలా అర్జీ పెట్టుకుంది. దాని పేరును లైసెన్సు మీద తీసుకుని జేకే ఇమేజింగ్ అనే సంస్థ పిక్స్‌ప్రో కెమెరాలు అమ్ముతోంది. ఎఫ్‌జెడ్ 45 అనే దాంట్లో పదహారు మెగాపిక్సెళ్లు, నాలుగు రెట్ల నిజమైన జూమ్, రెండు పెన్సిల్ సెల్లులు. ఫ్లాష్ నిజమైనదే. సెన్సర్ మాత్రం మళ్లీ అదే 1/2.3. ఎండకు మంచిది, చీకటికి పనికిరాదు. మా స్టూడియో ఆయన తీర్పు దీనికీ వర్తిస్తుంది.

నా కెమెరా ఎలా పోయిందో చెప్పి ముగిస్తాను. మిర్చి కల్లం దుమ్ము లెన్సు గొట్టం సందుల్లోకి పోయింది. అంతే. మూడు గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూరి ముడుచుకునే యంత్రాంగం, ఒక ఇసుక రేణువు పళ్లచక్రంలో ఇరుక్కుంటే చాలు. హైదరాబాద్ సర్వీస్ సెంటర్లో, ఎవరిదో చెప్పను, అరగంట కూర్చోబెట్టి, “లెన్సు యూనిట్ మొత్తం మార్చాలి, పార్టు రావట్లేదు, వచ్చినా కొత్త కెమెరా అంత అవుతుంది” అన్నారు. శుభ్రం చేసి ఇవ్వండి అంటే మా దగ్గర శుభ్రం చేయడం ఉండదు, మార్చడమే ఉంటుంది అన్నారు. అప్పటికి కొని మూడున్నరేళ్లు. మరమ్మతు హక్కు అని కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు విడిభాగాల వివరాలు, మరమ్మతు వివరాలు అక్కడ పెట్టాలని ఆశ. ఆశ మంచిదే. నా కెమెరా లెన్సు గొట్టం నా బల్ల మీద ఉంది.

నేను కోరేవి పెద్ద కోరికలేం కావు. సెన్సర్ పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో, మెగాపిక్సెల్ అంకె ఎంత లావుందో అంత లావు అక్షరాల్లో, పెట్టె ముందువైపు ముద్రించాలి. డిజిటల్ జూమ్‌ను జూమ్ అని రాయడం నిషేధించాలి. ఊహించి నింపిన పిక్సెళ్లను పిక్సెళ్ల లెక్కలో కలిపితే కల్తీ కింద కేసు పెట్టాలి. టీవీకి సెంటీమీటర్లు ముద్రించే దేశంలో ఇది అసాధ్యమేమీ కాదు. తూనికలు కొలతల శాఖవాళ్లు సంతలో కూరగాయలమ్మ తక్కెడకు ముద్ర లేదని పట్టుకుంటారు కదా, ఒక్కసారి ఆ స్టీలు స్కేలు తీసుకుని కెమెరా కొట్టు వైపు కూడా రావాలి.

అప్పటిదాకా మీ పని మీరే చేసుకోవాలి. కెమెరా కొనడానికి పోతే మెగాపిక్సెళ్లు అడగకండి. జూమ్ మీట తిప్పి గాజు కదులుతుందో లేదో కళ్లతో చూడండి. ఫ్లాష్ జెనానా, దీపమా అడగండి. తర్వాత సెన్సర్ అడ్డం ఎన్ని మిల్లీమీటర్లు, నిలువు ఎన్ని మిల్లీమీటర్లు అని అడగండి. భిన్నం చెబితే ఒప్పుకోకండి. మిల్లీమీటర్లు చెప్పలేకపోతే పెట్టె బల్ల మీదే పెట్టి వచ్చేయండి.